స్టేజి పలకలకు తిప్పే లాకు: దానికి ఒక్క పనే అప్పగించండి

బాబూ, మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను. తేడా ఉంటే దిద్దండి. ఆమదాలవలస దగ్గర మీకు టెంట్ హౌస్ ఉంది. 8×4 అడుగుల స్టేజి పలకలు చేయించారు. పైన 18 మి.మీ. ప్లైవుడ్, కింద 3 మి.మీ. రేకు వంచిన 75×40 సి-ఛానెల్ ఫ్రేము, ఊడదీసే కాళ్లు. ఇప్పటిదాకా పలకకీ పలకకీ నట్టు బోల్టు వేస్తున్నారు. దానికి కుర్రాళ్లు స్టేజి కిందకి దూరి, సెల్‌ఫోను నోట్లో కరుచుకుని స్పానర్లు తిప్పాల్సి వస్తోంది. పైనుంచే ఒక కీతో తిప్పితే రెండు పలకలూ దగ్గరకు లాగి పట్టుకునే లాకు సొంతంగా చేయించుకోవాలని మీ ఆలోచన. మీరు గీసింది ఇదీ: 40 మి.మీ. గుండ్రటి బిళ్ల, ఇరుసు మధ్యలో కాకుండా 8 మి.మీ. పక్కకి, బిళ్ల లోపలి అంచు పక్క పలకలోని 8 మి.మీ. పిన్నును పట్టి లాగుతుంది. అంతా 3 మి.మీ. రేకు. ఇది పట్టు నిలుపుకుంటుందా, తప్పెటగుళ్ల నాట్యం వాళ్లు ఎగిరితే ఊడుతుందా అన్నవి మీ ప్రశ్నలు.

ఎగరనక్కర్లేదు, నడిచినా ఊడుతుంది. ఆలోచన మంచిదే, కొలతలే తప్పు.

ఆ బిళ్ల మీకు ఎక్కడ కనిపించి ఉంటుందో ఊహించగలను. బజార్లో దొరికే విడదీసే అల్మారాల్లో 15 మి.మీ. బిళ్ల ఒకటి ఉంటుంది, స్క్రూడ్రైవరుతో సగం చుట్టు తిప్పితే పక్క చెక్కలోని మేకు తలను లోపలికి లాక్కుంటుంది. మినీఫిక్స్ అంటారు. అది జింకు మిశ్రమంతో పోత పోసినది. ఇంట్లో ఒకసారి బిగించి పదేళ్లు వదిలేసే సామానుకి దాన్ని మించింది లేదు. కానీ రోజూ లారీ ఎక్కి దిగే సామానుకి దాన్నే పెద్దది చేస్తే సరిపోదు. అల్మారా మీద ఎవరూ గంతులు వెయ్యరు.

అసలు కిటుకు వాలులో ఉంది. బిళ్ల తిరుగుతుంటే పిన్ను ఇరుసుకి దగ్గరవుతుంది, అంటే పిన్ను ఒక వాలు ఎక్కుతోందన్న మాట. లారీ టైరు కింద పెట్టే చెక్క ముక్క సంగతి మీకు తెలుసు: పల్చగా చెక్కితే ఎంత బరువు పడినా అక్కడే ఉంటుంది, మొద్దుగా చెక్కితే జారి బయటికి తన్నుకొస్తుంది. ఇక్కడా అంతే. ఇనుము మీద ఇనుము ఘర్షణను జాగ్రత్త కోసం తక్కువగానే లెక్కేద్దాం: పొడిగా ఉంటే 0.15, నూనె తగిలితే 0.1. డిగ్రీల్లో చెప్తే పొడిగా 8.5, జిడ్డుగా 5.7. వాలు అంతకంటే తక్కువుంటే కీ తీసేసినా లాకు తిరిగి రాదు, ఎక్కువుంటే వస్తుంది. మీ బిళ్లకి వ్యాసార్ధం 20, ఇరుసు 8 పక్కకి, అంటే ఎక్కువ వాలున్న చోట 0.4, దాదాపు 23 డిగ్రీలు. చెయ్యి వదలగానే వెనక్కి తిరుగుతుంది. చివరకంటా తిప్పితే వాలు సున్నా అవుతుంది కదా, అక్కడ ఆగదా అని మీరు అడగొచ్చు. ఆగుతుంది, పలకల మధ్య సందు ప్రతిసారీ ఒకేలా ఉంటే. వెల్డింగు చేసిన ఎనిమిదడుగుల ఫ్రేముల్లో రెండు మిల్లీమీటర్ల వంకర మామూలే. కాబట్టి పిన్ను ఎప్పుడూ ఆ చివరి చోటికి చేరదు, నడుమలో ఎక్కడో బిగుస్తుంది. మీ బిళ్లకి వాలు ఎక్కువున్నది సరిగ్గా ఆ నడుమనే.

అందుకని గుండ్రటి అంచు వదిలేసి సర్పిలం (నత్తగుల్ల మీది గీతలా మెల్లగా లోపలికి చుట్టుకునేది) గీయించండి, తిరిగినంత మేరా ఒకే వాలు ఉండేలా. బిళ్లకి బదులు కొడవలి ఆకారంలో ఒక హుక్కు పెట్టుకుందాం. హుక్కు ఇరుసు మొదటి పలక అంచు నుంచి 20 మి.మీ. లోపల, పిన్ను రెండో పలక అంచు నుంచి 15 మి.మీ. లోపల ఉంటాయి. పలకలు పూర్తిగా కలిసినప్పుడు ఇరుసు నుంచి పిన్ను నడిమికి 35 వస్తుంది. పిన్ను 10 మి.మీ. తీసుకుంటే హుక్కు లోపలి అంచు తాకేది 40 మి.మీ. వ్యాసార్ధం దగ్గర. మొదట్లో 42, చివర్లో 38, ఈ 4 మిల్లీమీటర్లనూ 90 డిగ్రీల మేర పరచండి. 40 వ్యాసార్ధం మీద పావు చుట్టు అంటే 63 మి.మీ. దారి. 63లో 4 అంటే 0.064, మూడున్నర డిగ్రీల పైచిలుకు. జిడ్డు పట్టినా నిలబడుతుంది. హుక్కు ముక్కును ఇంకో 4 మి.మీ. బయటికి విప్పి ఉంచండి, సందు కాస్త ఎక్కువున్నా పిన్నును వెతికి పట్టుకుంటుంది. కొత్తలో పిన్ను 90 డిగ్రీల దారిలో సగం దాటి ఇంకొంచెం పోయాక బిగిసేలా చూసుకోండి. మిగిలింది అరుగుదలకి.

ఈ పనే 60 డిగ్రీల్లో ముగించి త్వరగా తిప్పేద్దాం అనిపిస్తుంది. వద్దు. వాలు అయిదున్నర డిగ్రీలకి పోతుంది, నూనె పడ్డ రోజున గీత మీద నడిచినట్టే.

ఇక ఎంత బలం వస్తుందో చూద్దాం. కీ తిప్పే బలంలో కొంత వాలు ఎక్కడానికి, కొంత పిన్ను దగ్గర ఘర్షణకి, కొంత ఇరుసు దగ్గర ఘర్షణకి పోతుంది. ఇరుసు బుష్ (ఇరుసుగా తిరిగే గొట్టపు ముక్క) 20 మి.మీ. వ్యాసం అనుకుంటే, వాలుకి 2.5 మి.మీ., పిన్ను ఘర్షణకి 40×0.15 అంటే 6, ఇరుసుకి 10×0.15 అంటే 1.5. మొత్తం 10 మి.మీ. చెయ్యి ఉన్న మీటలాంటిది. అంటే కీ మీద 15 న్యూటన్ మీటర్లు పెడితే 1500 న్యూటన్లు, దాదాపు 150 కిలోల లాగుడు వస్తుంది. 20 సెం.మీ. కీ చివర ఏడెనిమిది కిలోల బలంతో తిప్పితే చాలు, ఎవరైనా తిప్పగలరు. మీరు పెట్టిన బలంలో పావు వంతే పనికొస్తోంది, ముప్పావు ఘర్షణకే పోతోంది. ఇది దండగ కాదు. ఆ ముప్పావే రేపు లాకును వెనక్కి తిరగనివ్వకుండా ఆపేది.

ఇప్పుడు మీ 3 మి.మీ. రేకు సంగతి. స్టేజి వేసే కుర్రాడు ఏం చేస్తాడో నాకంటే మీకే బాగా తెలుసు. బిగువు చాలలేదనిపిస్తే కీకి గొట్టం తొడుగుతాడు. 40 సెం.మీ. గొట్టం చివర 25 కిలోల బలం అంటే 100 న్యూటన్ మీటర్లు, లాకు మీద టన్ను లాగుడు. ఏదో ఒకటి వంగాల్సిందే. ఏది వంగాలో డిజైను చేసేవాడే ముందు తేల్చాలి, ఈ పనిలో నేను అన్నిటికంటే పట్టించుకునేది ఇదే. ఫ్రేము వంగితే పలక పోయినట్టే. పిన్ను వంగితే ఇరుక్కుపోయి పలకలు విడవవు, రాత్రి రెండింటికి లారీ ఎదురుచూస్తుంటే గ్యాస్ కట్టరు తేవాలి. హుక్కు కాస్త తెరుచుకుంటే పిన్ను వదులుతుంది, హుక్కు మార్చుకుంటే సరిపోతుంది. కాబట్టి హుక్కే అన్నిటికంటే మెత్తగా ఉండాలి.

హుక్కు 8 మి.మీ. మామూలు ఎమ్మెస్ (మెత్తటి ఉక్కు) ప్లేటు, ఐఎస్ 2062 ఇ250 రకం. మెడ దగ్గర వెడల్పు 18 మి.మీ. ఉంచండి. 150 కిలోల లాగుడుకి మెడలో వచ్చే ఒత్తిడి 75 మెగాపాస్కల్ లోపే, ఆ ఇనుము 250 దాకా తట్టుకుంటుంది. లెక్క ప్రకారం అర టన్ను దగ్గర తెరుచుకోవడం మొదలెడుతుంది. పిన్నుకి మాత్రం 8.8 గ్రేడు (గట్టి ఉక్కు రకం) ఎం10, అంటే 10 మి.మీ. బోల్టు వాడండి. మర లేని నున్నటి భాగమే హుక్కు తాకే చోట ఉండాలి, మర మీద హుక్కు జారితే ఆకురాయి పెట్టి రాసినట్టు అరుగుతుంది. పిన్నును రెండు 5 మి.మీ. ప్లేట్ల మధ్య, 12 మి.మీ. సందులో పట్టించండి. ఒకవైపే పట్టించి రెండో కొన గాల్లో వదిలేస్తే 8.8 గ్రేడైనా వంగుతుంది. ఆ బోల్టును వెల్డింగ్ చెయ్యొద్దు, వేడికి దాని గట్టిదనం పోతుంది. నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి వదులవనిది) వేసుకోండి, మార్చుకోవడం కూడా తేలిక.

హుక్కుకి కూడా అలాగే రెండు 5 మి.మీ. ప్లేట్లు, మధ్య 10 మి.మీ. సందు. ఈ ప్లేట్ల జతలనే హుక్కు పెట్టె, పిన్ను పెట్టె అంటాను. వాటిని ఛానెల్ లోపల నిలువులో సరిగ్గా నడిమి మట్టంలో పెట్టండి. హుక్కు బయటికి రావడానికి ఛానెల్ నిలువు గోడలో 120×12 మి.మీ. గాడి కొయ్యాలి కదా. వంపు వల్ల వచ్చే ఒత్తిడి నడిమి మట్టంలో అతి తక్కువ, అక్కడ కోస్తే ఫ్రేముకి పెద్ద నష్టం లేదు. పైకో కిందకో జరిపి కోస్తే ఛానెల్ అంచు బలమంతా పోతుంది.

కీ రంధ్రం గురించి అడగలేదు గానీ చెప్తాను, మన దగ్గర చేయించేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. ఇరుసులో ఆరు మూలల రంధ్రం కొట్టాలంటే బ్రోచింగ్ (పళ్లున్న కడ్డీని రంధ్రంలోంచి లాగి ఆకారం తేవడం) చెయ్యాలి, చిన్న లేత్ షాపులో కుదరదు. ఎలెన్ బోల్టు (తలలో ఆరు మూలల గుంట ఉండేది) తల తెచ్చి హుక్కుకి వెల్డింగ్ పెట్టేద్దామంటారు. ఎలెన్ బోల్టులు చాలావరకు 12.9 గ్రేడు, అంటే ఇంకా గట్టి రకం, వెల్డింగు చేసిన చోట పెళుసై పగుళ్లిస్తాయి. అంతకంటే తేలిక మార్గం ఉంది. హుక్కును ఎలాగూ లేజర్ మీద కోయిస్తారు, అదే ప్లేట్లో 10.2 మి.మీ. షట్కోణ రంధ్రం కూడా కోయించండి. విశాఖ ఆటోనగర్‌లో లేజర్ వాళ్లకి డీఎక్స్ఎఫ్ ఫైలు (కంప్యూటరులో గీసిన బొమ్మ) ఇస్తే చాలు, సర్పిలం, రంధ్రం, మెడ అన్నీ ఒకే కోతలో వస్తాయి. హుక్కుకి రెండు వైపులా 20 మి.మీ. బయటి వ్యాసం, 14 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న బుష్‌లు లేత్ మీద తీయించి వెల్డింగ్ చేయించండి, ప్లేట్లలోని రంధ్రాల్లో అవే ఇరుసుగా తిరుగుతాయి. 10 మి.మీ. ఎలెన్ కీ ఏ హార్డ్‌వేర్ కొట్లోనైనా దొరుకుతుంది. ప్లైలోనూ ఛానెల్ పై రెక్కలోనూ 16 మి.మీ. రంధ్రం చాలు. దానికి రబ్బరు మూత పెట్టండి. లేకపోతే కాలివేళ్లు పడకపోయినా రాలిన గజ్జెలు పడతాయి.

ఇప్పుడు తప్పెటగుళ్లు. మీ భయం సహేతుకమే, అయితే మీరు భయపడుతున్నది ఒకందుకు, చూసుకోవాల్సింది ఇంకొకందుకు. పదిహేను ఇరవై మంది రొమ్ముల మీద గుళ్లు వాయిస్తూ ఒకే తాళంలో ఎగిరి ఒకేసారి పడతారు. మామూలు సభలో జనం ఎక్కడివాళ్లు అక్కడ కదులుతారు కాబట్టి దెబ్బ చెదిరిపోతుంది, వీళ్ల దెబ్బ చెదరదు. ఒక పలక కిందకి దిగుతుంది, ఎవరూ లేని పక్క పలక దిగదు. ఆ తేడాను మోసేది ఎవరు? మీ బొమ్మలో లాకు పిన్నే మోస్తోంది. పిన్ను మీద హుక్కు పైకీ కిందకీ రాసుకుంటుంది. అలా రాసుకునేటప్పుడు తిరగకుండా ఆపే ఘర్షణ కూడా సడలుతుంది, కదులుతున్న వస్తువు ఏ పక్కకైనా సులువుగా జారుతుంది. లాకు ఊడేది అందుకే. బిగింపు తక్కువై కాదు.

కాబట్టి మట్టం నిలిపే పని లాకు చేతిలోంచి తీసెయ్యండి. ప్రతి లాకుకీ అటూ ఇటూ 150 మి.మీ. దూరంలో 16 మి.మీ. కడ్డీతో ఒక్కో డోవెల్, కొస శంకులా చెక్కినది, ఎదుటి పలకలో దానికి సరిపడా బుష్. డోవెల్ 16 అయితే బుష్ 16.5 ఉంటే సరిపోతుంది. ముందు డోవెల్ దూరుతుంది, పలకల పై మట్టాలు కలుస్తాయి, తర్వాతే హుక్కు పిన్నును పడుతుంది. హుక్కుకీ పిన్ను ప్లేట్లకీ మధ్య పైనా కిందా రెండేసి మిల్లీమీటర్ల ఆట ఉంది కదా, డోవెల్ ఆట అంతకంటే తక్కువ. అందుకని నిలువు బరువు హుక్కు దాకా రానే రాదు. లాకు లాగుతుంది, డోవెల్ మోస్తుంది, కాలు నేలకి దించుతుంది. జనం గుమిగూడే చోట్లకి ఐఎస్ 875 (కట్టడాల మీద పడే బరువుల భారతీయ ప్రమాణం) చెప్పే బరువు చదరపు మీటరుకి 5 కిలోన్యూటన్లు, అంటే మీ ఒక్కో పలక మీద టన్నున్నర. అది కాళ్లదీ అడ్డ పట్టీలదీ లెక్క, లాకుది కాదు. కాళ్ల లెక్క విడిగా చూపించుకోండి.

కదలికకి ఇంకో చిన్న మందు: హుక్కుకి పైనా కిందా పల్చటి నైలాన్ వాషర్లు వేసి, ప్లేట్లు కాస్త నొక్కి పట్టేలా బిగించండి. ఇరుసు నిలువుగా ఉంది కాబట్టి హుక్కు సొంత బరువు దాన్ని తిప్పదు. ఊరికే గలగలలాడకుండా ఈ వాషర్లు ఆపుతాయి. లారీలో హుక్కు బయటికొచ్చి పక్క పలక ప్లైని గీకకుండా కూడా.

1930లలో విలియం జూస్ విమానాల ఇంజను మూతలకి చేసిన పావు చుట్టు బిగింపులో ఇదే సర్పిలపు గాడి ఉంటుంది, దాని చివర చిన్న గుంట ఉండి తీగ స్ప్రింగు అందులో పడి ఆగుతుంది. ఆ గుంట మనమూ పెట్టొచ్చు కదా అని మీకు ఎవరైనా సలహా ఇస్తారు. అక్కడ స్ప్రింగు సాగుతుంది కాబట్టి చెల్లింది. మన లాకులో సాగేదేమీ లేదు. గుంట దగ్గర పిన్ను వదులవుతుంది, లేదంటే గుంట దాకా చేరదు. మన పనికి తిన్నని వాలే మేలు.

లాకులు ఎక్కడ పెట్టాలన్నది మీరు తేలిగ్గా తీసుకున్నట్టున్నారు, బొమ్మలో మూలలకి దగ్గరగా వేశారు. ఇలా చెయ్యండి: పలక 2440×1220. పొడుగు అంచున మూల నుంచి 610 దగ్గర ఒకటి, 1830 దగ్గర ఒకటి. పొట్టి అంచుకి నడిమిన, అంటే 610 దగ్గర, ఒక్కటే. ఇప్పుడు రెండు పలకల పొట్టి అంచులు పక్కపక్కన పెట్టి ఇంకో పలక పొడుగు అంచుకి ఆనించి చూడండి. వాటి లాకులు 610, 1830 దగ్గరే పడతాయి. పలకను నిలువుగా వేసినా అడ్డంగా వేసినా కలుస్తుంది. అరసవల్లి వీధిలో ఇరుకు స్టేజి, విజయనగరంలో సిరిమానోత్సవం రోజుల్లో వెడల్పు స్టేజి, రెండూ అవే పలకలతో వేసుకోవచ్చు. హుక్కులు ఒక పొడుగు అంచుకీ ఒక పొట్టి అంచుకీ, పిన్నులు ఎదుటి రెంటికీ. హుక్కులు కలిసే మూలకి ఎర్ర రంగు కొట్టండి, పరిచేటప్పుడు ఎర్ర మూల ఎటుండాలో ఒక్కడు చెప్తే మిగతా అంతా వరుసగా పడుతుంది. సవ్యదిశలో తిప్పితే బిగియాలి, అన్నిట్లోనూ. రెండు కొసల్లో ఆపే ముక్క వెల్డింగ్ పెట్టండి, చీకట్లో కీ తిరిగి తిరిగి ఎక్కడుందో తెలియని అవస్థ ఉండదు.

వెల్డింగుకి జిగ్ (ముక్కల్ని ప్రతిసారీ ఒకే చోట పట్టి ఉంచే చట్రం) తప్పనిసరి. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్తాను: కొలత పై మట్టం నుంచే తీసుకోవాలి. బజారు ప్లై 18 అన్న చోట 17 ఉంటుంది, 19 ఉంటుంది. ఫ్రేము అడుగు నుంచి కొలిచి డోవెల్ పెడితే పలకకీ పలకకీ మధ్య మెట్టు వస్తుంది, నాట్యం చేసే పిల్ల బొటనవేలికి తగిలేది ఆ మెట్టే. మందపాటి చదును బల్ల మీద పలకను బోర్లా పరిచి, ప్లై పైముఖం బల్లకి ఆనేలా బిగించి, జిగ్‌ను ఆ బల్ల మీద నిలబెట్టి డోవెల్, బుష్, లాకు పెట్టె మూడింటికీ టాకాలు వెయ్యండి. తర్వాత ప్లై విప్పేసి, ఫ్రేమును అలాగే బిగించి ఉంచి పూర్తి వెల్డింగు, అది కూడా ఒకచోట కాస్త, ఇంకోచోట కాస్త. ఏ ప్లై ఏ ఫ్రేముదో అంకె వేసుకోవడం మరవొద్దు.

తుప్పు సంగతికొస్తే, మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండూ సముద్రం పక్కవే, భావనపాడు వైపో కళింగపట్నం వైపో ఒక రాత్రి స్టేజి వేస్తే ఉప్పుగాలి చాలు. హుక్కుకీ పిన్నుకీ జింకు ప్లేటింగ్ చేయించండి. వేడి గాల్వనైజింగ్ వద్దు, పొర మందంగా పేరుకుని షట్కోణ రంధ్రంలో కీ దూరదు. గ్రీజు ఇరుసుకి కొద్దిగా రాయొచ్చు, సర్పిలపు అంచుకి మాత్రం వద్దు. రాసినా ఊడదు, మనం వాలు అంత తక్కువ పెట్టింది అందుకే. కానీ గ్రీజుకి ఇసుక అంటుకుని అంచు తినేస్తుంది.

అన్ని పలకలకీ ఒకేసారి ఆర్డరివ్వకండి. ముందు ఒక జత చేయించండి. హుక్కు పెట్టెను దూలానికి వేలాడదీసి, పిన్ను పెట్టె కింద 50 కిలోల సిమెంటు బస్తాలు మూడు కట్టి కీతో పైకి లాగి వదలండి. హుక్కు మీదా ప్లేటు మీదా కలిపి ఒక గీత గీసి, పెట్టెను సుత్తితో ఒక వంద దెబ్బలు కొట్టండి. గీత కదిలితే వాలు తేడా వచ్చిందన్న మాట, లేజర్ వాళ్లు ఫైలు ఎలా కోశారో వర్నియర్ పెట్టి కొలవండి. కదలకపోతే రెండు పలకలకి బిగించి, ఒక పలక మీదే పది మందిని ఎక్కించి గెంతమనండి. అప్పుడు చూడాల్సింది లాకును కాదు, డోవెల్ బుష్ అంచును. అక్కడ మెరుపు గీత ఒక పక్కనే పడుతుంటే డోవెల్ వంకరగా ఉంది, జిగ్ సరిచెయ్యాలి.

ఆ జత చేయించాక హుక్కు, పిన్ను పెట్టె ఫొటోలు స్కేలు పక్కన పెట్టి తీసి పంపండి. ఛానెల్ నిలువు గోడ నుంచి ఇరుసు నడిమికి 20, పిన్ను నడిమికి 15 సరిగ్గా వచ్చాయో లేదో రాయండి. మిగతావాటిలో అర మిల్లీమీటరు అటూ ఇటూ అయినా ఫరవాలేదు, ఆ రెండూ కలిపి 35 దాటకూడదు.